కదిలే కుర్చీకి ఏ జాకీ మేలు?
మినుముల డబ్బు పోసి కొనేముందు తెలుసుకోవలసిన సంగతులు

తెనాలి: కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద 2022 డిసెంబరులో విమానదళం వారు పరీక్షలు జరిపారు. యుద్ధ విమానాలు రోడ్డును తాకీ తాకకుండా కిందికి దిగి, మళ్ళీ ఎగిరిపోయాయి. 2024 మార్చిలో అక్కడే మరోసారి పరీక్షలు జరిగాయి. కోట్ల రూపాయల యంత్రాన్ని అంత ఒడుపుగా దించే పైలట్ తన మొదటి తప్పులు ఎక్కడ చేసి ఉంటాడు? ఆకాశంలో మాత్రం కాదు. నేల మీద, నాలుగు గోడల మధ్య, కదిలే కుర్చీలో చేస్తాడు.

ఆ కుర్చీనే మోషన్ సిమ్యులేటర్ అంటారు. ఎదుట తెర మీద రోడ్డో రన్‌వేయో కనపడుతుంది. చేతిలో స్టీరింగు, కాళ్ళ కింద పెడళ్ళు ఉంటాయి. బ్రేకు నొక్కితే కుర్చీ ముందుకు వంగుతుంది. మలుపు తిప్పితే పక్కకు ఒరుగుతుంది. గుంటలో పడితే కుదుపుతుంది. ఒకప్పుడు విమాన సంస్థలకే పరిమితమైన ఈ యంత్రాన్ని నేడు ప్రపంచంలో చాలామంది ఔత్సాహికులు ఇళ్ళలోనే తయారు చేసుకుంటున్నారు. మన దేశంలో గుర్తింపు పొందే డ్రైవింగ్ శిక్షణ కేంద్రాలలో సిమ్యులేటర్ ఉండి తీరాలని కేంద్ర ప్రభుత్వం 2021లో నిబంధన పెట్టింది. అందువల్ల ఇది ఆటవస్తువు మాత్రమే అని కొట్టిపారేయడానికి వీల్లేదు.

రేపల్లె పక్క పల్లెలో డిప్లొమా చదివిన కుర్రవాడు ఒకడు దీన్ని ఇంట్లో చేద్దామని పూనుకున్నాడనుకుందాం. తండ్రి మినుములు అమ్మిన డబ్బు కొంత ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. చట్రానికి ఇనుము, వెల్డింగు తెనాలిలో దొరుకుతాయి. ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు నిలబెట్టే శిల్పులున్న ఊరికి అదొక లెక్కలోది కాదు. పాత కారు సీటుకు కొదవ లేదు. చిక్కంతా ఒక్కచోటే వస్తుంది. కుర్చీని ఎత్తి దించే మోటారు జాకీలు ఏవి కొనాలి? యాక్చుయేటర్ అని ఇంజనీర్లు పిలిచేది దీన్నే. మోటారు తిరుగుడును ముందుకూ వెనక్కూ తోపుగా మార్చే కడ్డీ అన్నమాట. ఇక్కడ పొరపాటు జరిగితే డబ్బు పోవడమే కాదు, వేళ్ళు నలిగే ప్రమాదం కూడా ఉన్నది.

ఆర్గన్ తిత్తులతో మొదలు

ఈ ప్రశ్న కొత్తది కాదు. అమెరికాలో బింగ్‌హామ్‌టన్ అనే ఊళ్ళో ఎడ్విన్ లింక్ అనే యువకుడికి ఇదే చిక్కు ఎదురైంది. విమానం నేర్చుకోవాలని అతని కోరిక. పాఠాలకు అయ్యే ఖర్చు మాత్రం విపరీతం. తండ్రికి పియానోలు, ఆర్గన్‌లు తయారుచేసే కర్మాగారం ఉండేది. ఆర్గన్‌లో గాలిని ఆడించే తిత్తులు ఉంటాయి. మన కమ్మరి కొలిమి తిత్తికి అవి దూరపు చుట్టాలు. లింక్ ఆ తిత్తులనే తెచ్చి చిన్న బొమ్మ విమానం కింద అమర్చాడు. గాలి లాగితే తిత్తి ముడుచుకుంటుంది, వదిలితే సాగుతుంది. దానితోపాటు కుర్చీ వంగుతుంది, లేస్తుంది. 1927 నుంచి 1929 వరకు కర్మాగారం నేలమాళిగలో అతను ఈ పని చేశాడు.

మొదట దీన్ని కొన్నవారిలో వినోదశాలల వాళ్ళే ఎక్కువ. 1934లో అమెరికా సైన్యం టపా మోసే పని తలకెత్తుకుని, చెడు వాతావరణంలో పలువురు పైలట్లను పోగొట్టుకున్నది. అప్పుడు గాని లింక్ యంత్రం విలువ తెలియలేదు. ఆ ఏడాది ఆరు యంత్రాలు కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి దాని మీద 5 లక్షల మందికి పైగా పైలట్లు శిక్షణ పొందారు.

లింక్ కథలో గమనించవలసింది ఒకటున్నది. అతను అన్నిటికంటె బలమైన జాకీ కోసం ఊరూరా వెతకలేదు. తన పనికి కావలసినంత బలం, కావలసినంత వేగం ఉన్న వస్తువు ఇంట్లోనే ఏముందా అని చూశాడు. ఎంపికకు ఇదే మొదటి సూత్రం.

పడవకు తెలిసిన ఆరు కదలికలు

ముందు కుర్చీ ఎన్ని రకాలుగా కదలాలో తేల్చుకోవాలి. నిజాంపట్నం రేవులోనో సూర్యలంక ఒడ్డునో పడవ ఎక్కినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. పడవ పైకి లేచి పడుతుంది. ముక్కు ఎత్తి దించుతుంది. పక్కలకు ఒరుగుతుంది. ముక్కును కుడి ఎడమలకు తిప్పుతుంది. ఇవి నాలుగు. ముందుకు వెనక్కు జరగడం, పక్కకు జరగడం కలిపితే ఆరు. ప్రపంచంలో ఏ వస్తువుకైనా కదలికలు ఈ ఆరే.

ఈ ఆరింటినీ ఇవ్వాలంటే ఆరు జాకీలు కావాలి. ఇంగ్లండులో డన్‌లప్ టైర్ల కంపెనీలో ఎరిక్ గాఫ్ అనే ఇంజనీరు 1950ల్లో టైర్లను పరీక్షించడానికి ఆరు కాళ్ళ బల్లను తయారు చేశాడు. 1965లో స్టీవార్ట్ అనే ఇంజనీరు ఇటువంటి బల్లను విమాన శిక్షణకు వాడవచ్చని పత్రం రాశాడు. పెద్ద విమాన సిమ్యులేటర్లు నేటికీ ఆ పద్ధతి మీదే నిలబడి ఉన్నాయి.

అయితే ఇంటికి ఆరు కాళ్ళు అక్కరలేదు. కారు నడుపుతున్న భావన కలగడానికి పడవ కదలికల్లో మొదటి మూడు చాలు. అవి పైకీ కిందకీ, ముందుకూ వెనక్కూ వంగడం, పక్కలకు ఒరగడం. దానికి మూడు జాకీలు సరిపోతాయి.

ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీద కూడా నిలుస్తుంది. నాలుగు కాళ్ళ బల్లకు ఒక కాలు ఎప్పుడూ ఆడుతూ ఉంటుంది. జాకీల విషయంలోనూ అంతే. మూడు ఉంటే వాటిలో వాటికి తగువు రాదు. నాలుగు ఉంటే కుదురు ఎక్కువే గాని నాలుగూ ఒక్క లెక్కన కదలాలి. ఒకటి వెనకబడితే చట్రం మెలిపడుతుంది.

ట్రాక్టరు జాకీ పనికొస్తుందా?

పల్లెలో జాకీ అనగానే గుర్తుకు వచ్చేది ట్రాక్టరు ట్రక్కును ఎత్తే నూనె జాకీ. టన్నుల బరువును తేలిగ్గా ఎత్తుతుంది. పాత పెద్ద సిమ్యులేటర్లు చాలా కాలం నూనె జాకీల మీదే నడిచాయి. కాని అవి ఉన్న చోట పెద్ద పంపు, నూనె ట్యాంకు, క్షణానికి పదిసార్లు తెరుచుకుని మూసుకునే ఖరీదైన వాల్వులు ఉంటాయి. ట్రక్కు జాకీకి ఉండేది చేత్తో లాగే వాల్వు. అది నెమ్మదిగా ఎత్తడానికి, దించడానికి పుట్టింది. దానికి అటూ ఇటూ గబగబ ఊగడం రాదు. పైగా నడి ఇంట్లో నూనె కారుతుంది. ఒత్తిడితో ఉన్న గొట్టం పగిలితే వేడి నూనె మనిషి మీద చిమ్ముతుంది. ఇంటికి ఇది తగదు.

గాలి జాకీలు బస్సు తలుపులకు ఉంటాయి. పంక్చరు షాపు కంప్రెసరుతో నడుస్తాయి. కాని గాలి నొక్కుకుపోతుంది. కుర్చీని సరిగ్గా సగంలో ఆపమంటే ఆగక స్ప్రింగులాగ ఊగుతుంది. చిన్న కుదుపులకు సరేగాని వంపులకు చాలదు.

మిగిలింది కరెంటు జాకీ. ఇందులోనూ తేడాలున్నాయి.

1990ల్లో కేబుల్ టీవీ వాళ్ళ మేడల మీద పెద్ద డిష్ యాంటెన్నాలు ఉండేవి. వాటిని తిప్పడానికి 36 వోల్టుల మోటారు జాకీ బిగించేవారు. పాత సామాన్ల దుకాణాల్లో ఇప్పుడూ ఒకటో రెండో కనపడతాయి. చవక. ఎండకు వానకు తట్టుకుంటుంది. వందల కిలోలు నెడుతుంది. చూడగానే ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. ఆసుపత్రి మంచాలను ఎత్తే జాకీలూ ఇదే జాతి.

వీటి లోపం వేగం. సాధారణంగా సెకనుకు పది మిల్లీమీటర్ల లోపే కదులుతాయి. కుర్చీ ఒక పక్క 100 మిల్లీమీటర్లు లేవాలంటే పది సెకన్లు పడుతుంది. తెర మీద కారు గుంట దాటి అర ఫర్లాంగు పోయాక ఇక్కడ కుర్చీ లేస్తుంది. కళ్ళు ఒకటి చెప్పి, ఒళ్ళు ఒకటి చెబితే తల తిరిగి వాంతి వస్తుంది. పైగా ఈ జాకీలు కాసేపు నడిచి, చాలాసేపు విశ్రాంతి తీసుకోవడానికి చేసినవి. ఆపకుండా ఆడిస్తే మోటారు కాలిపోతుంది. బలం చూసి మోసపోరాదు. ముందు వేగం అడగాలి.

బరువు, వేగం లెక్క

మనిషి 80 కిలోలు, సీటు 20, స్టీరింగు, పెడళ్ళు, తెర, ఇనుప చట్రం కలిపి 50 అనుకుందాం. మొత్తం 150 కిలోలు. నాలుగు జాకీలు పెడితే ఒక్కొక్క దాని మీద 38 కిలోలు పడుతుందని లెక్క. ఇది నిలకడగా ఉన్నప్పటి మాట. బ్రేకు వేసినట్టు కుర్చీ ముందుకు వంగితే బరువు దాదాపు రెండు కాళ్ళ మీదే పడవచ్చు. అప్పుడు ఒక్కొక్కటి 75 కిలోలు మోయాలి. బరువును ఊరికే మోయడం వేరు, ఝటకాతో ఎత్తడం వేరు. బస్తాను భుజానికి ఎత్తేటప్పుడు నడుముకు తెలిసే తేడా అదే. అందుకు మరో సగం కలిపితే 112 అవుతుంది. 120 కిలోల తోపు ఉన్న జాకీ కావాలని తేల్చుకోవచ్చు.

ఇక ఎంత ఎత్తు? 100 మిల్లీమీటర్లు చాలు. కాళ్ళ మధ్య ఎడం ఒక మీటరు ఉంటే దానితో దాదాపు ఆరు డిగ్రీల వంపు వస్తుంది. అంత తక్కువా అని పెదవి విరవనక్కరలేదు. చీకటి గదిలో తెర చూస్తూ కూర్చున్న మనిషిని నెమ్మదిగా వెనక్కు వంచితే, వీపు సీటుకు ఒత్తుకుని, బండి ముందుకు దూకిందనే అనుకుంటాడు. చెవి లోపలి భాగం వంపుకూ వేగానికీ తేడా కనిపెట్టలేదు. విమాన సిమ్యులేటర్లన్నీ ఈ కిటుకు మీదే నడుస్తాయి. ఎత్తుకోసం డబ్బు పోయడం కంటె వేగం కోసం పోయడం మేలు.

వేగం సెకనుకు 200 నుంచి 250 మిల్లీమీటర్లు ఉండాలి. అది ఎలా వస్తుంది? నిమిషానికి 3000 చుట్లు తిరిగే సర్వో మోటారును తీసుకుంటే సెకనుకు 50 చుట్లు. ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిగే మరను దానికి తగిలిస్తే సెకనుకు 250 మిల్లీమీటర్లు. సరిపోయింది. 400 వాట్ల మోటారుకు ఈ మర తగిలిస్తే సుమారు 145 కిలోల తోపు వస్తుంది. మనకు కావలసింది 120. అదే మోటారుకు చుట్టుకు 10 మిల్లీమీటర్ల మర పెడితే వేగం రెట్టింపు అవుతుంది, తోపు సగానికి పడిపోతుంది. గేర్ల సైకిలు తొక్కిన వాడికి ఈ సంగతి తెలుసు. రెండూ ఒక్కసారి రావు. అమ్మేవాడు వస్తాయంటే నమ్మరాదు.

750 వాట్ల మోటారు పెడితే ఇంకా దర్జాగా ఉంటుంది కదా అనవచ్చు. ఉంటుంది. ఖర్చూ, కరెంటూ, పొరపాటున మనిషిని నొక్కే బలమూ పెరుగుతాయి. 400 వాట్లవి నాలుగు అంటే 1600 వాట్లు. 230 వోల్టుల వద్ద ఏడు ఆంపియర్లు. ఫ్యాను ప్లగ్గు దీనికి చాలదు. ఎర్తు సరిగా ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి విడిగా వైరు వేయించుకోవాలి.

కరెంటు పోతే?

ఇంతవరకు లెక్కలు విన్న తండ్రి ఒకే ప్రశ్న అడుగుతాడు.

‘‘ఒరే అబ్బాయ్, నువ్వు దాని మీద కూర్చున్నప్పుడు కరెంటు పోతే ఏమవుద్దిరా?’’

పుస్తకాలన్నిటిలోకి ఇదే పెద్ద ప్రశ్న. దీనికి జవాబు కాలువ గట్టు మీద ఉన్నది. కృష్ణా పశ్చిమ డెల్టా తూముల దగ్గర లస్కరు పిడి తిప్పి షట్టరు ఎత్తడం అందరూ చూసిందే. ఎన్నో చుట్లు తిప్పితే గాని షట్టరు కొద్దిగా లేవదు. కాని పిడి వదిలి బీడీ వెలిగించుకున్నా షట్టరు కిందికి జారదు. మరలోని రాపిడి దాన్ని పట్టి ఉంచుతుంది. లారీ కింద పెట్టే మర జాకీ కూడా అంతే. ఇటువంటి మరతో చేసిన మోటారు జాకీ కరెంటు పోయినా ఉన్నచోటే ఆగుతుంది. అదే రాపిడి దాని లోపం కూడా. మోటారు బలంలో మూడింట రెండు వంతులు వేడిగా పోతుంది. పైన చెప్పిన 400 వాట్ల మోటారు ఈ మరతో 60 కిలోలు నెట్టడమే గొప్ప.

రెండోది గుండ్ల మర. నట్టు లోపల బేరింగు గుండ్లు దొర్లుతుంటాయి. రాపిడి దాదాపు ఉండదు. నూటికి తొంభై వంతుల బలం పనికి వస్తుంది. 145 కిలోల లెక్క దీనిదే. కాని కరెంటు పోతే మనిషి బరువుకు మర వెనక్కు తిరిగి కుర్చీ కిందికి జారుతుంది. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక జారితే కుర్చీ ఒరుగుతుంది.

అందుకని గుండ్ల మర కొనేవారు బ్రేకు ఉన్న మోటారే కొనాలి. కరెంటు ఉన్నంతసేపు ఆ బ్రేకు విడిచి ఉంటుంది, పోగానే పట్టుకుంటుంది. బ్రేకు లేని మోటారు కాస్త చవకగా వస్తుంది. సాయంత్రం ఎప్పుడు కరెంటు పోతుందో తెలియని ఊళ్ళో ఆ ఆదా చేయతగ్గది కాదు.

చేతిలో డబ్బు తక్కువైతే

అందరి మినుములూ అంత పండవు. తక్కువ డబ్బుతో చేయాలంటే ఒక దారి ఉన్నది. కుర్చీ బరువంతా నడుమ ఒక్క గుంజ మీద మోపి, గుంజకూ కుర్చీకీ మధ్య లారీ ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు బిగించాలి. కుర్చీ అన్ని పక్కలకూ ఒరుగుతుంది గాని పడిపోదు. వెనక రెండు కారు వైపర్ మోటార్లు పెట్టి, చిన్న చేతులతో అటూ ఇటూ లాగించవచ్చు. పైకి లేవడం ఉండదు. వంగడం, ఒరగడం మాత్రం ఉంటాయి. బరువు గుంజ మోస్తుంది కాబట్టి మోటార్లు ఊపడానికే కష్టపడతాయి.

ఇది ప్రకాశం బ్యారేజి నీతి. అక్కడి గేట్లకు ఎదురు బరువులు ఉంటాయి. గేటు బరువును అవి సరితూగిస్తాయి కనుక మోటారు పని తేలిక అవుతుంది. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకువచ్చి తగిలినప్పుడు ఆ ఎదురు బరువులు దెబ్బతిని, వాటిని మార్చవలసి వచ్చింది. ఎదురు బరువుకు ఎంత విలువ ఉందో అప్పుడు అందరికీ తెలిసింది. జాకీల కుర్చీకి కూడా నడుమ గట్టి స్ప్రింగు పెట్టి బరువులో కొంత దాని మీదకు మళ్ళిస్తే చిన్న మోటారు సరిపోతుంది.

వైపర్ మోటారు పళ్ళల్లో కొంచెం వదులు ఉంటుంది. మెకానిక్కులు దీన్నే ప్లే అంటారు. కుర్చీ అటునుంచి ఇటు మళ్ళేటప్పుడు టక్కుమంటుంది. నేర్చుకునే దశలో దానితో సరిపెట్టుకోవచ్చు. రెండు మోటార్లతో లెక్క తెలిశాక పెద్ద జాకీలకు పోతే డబ్బు వృథా కాదు.

జాకీ ఏదైనా అది నిలువునా నెట్టడానికే పుట్టింది. పక్కకు ఒత్తిడి పడితే కడ్డీ వంగుతుంది, నట్టు అరుగుతుంది. రెండు చివరలా స్టీరింగు టై రాడ్డుకు ఉండేలాంటి గుండు కీళ్ళు బిగించి కొంత స్వేచ్ఛ ఇవ్వాలి. కుర్చీ పక్కకు కొట్టుకుపోకుండా విడిగా పట్టీ ఉండాలి.

వడ్ల బస్తాకే మొదటి సవారీ

అంతా బిగించాక కుర్రవాడు ఆత్రంగా ఎక్కి కూర్చుంటాడు. అదే తప్పు. వడ్ల బస్తా 75 కిలోలు. మనిషి బరువుకు దగ్గర. మొదటి రోజుల్లో ఆ బస్తానే సీట్లో బెల్టుతో కట్టి ఆడించాలి. నడుస్తుండగా మెయిన్ స్విచ్చి కట్టేసి చూడాలి. బస్తా ఉన్నచోటే ఆగిందా, మెల్లగా దిగిందా, లేక దబ్బున పడిందా? దబ్బున పడితే మనిషి ఎక్కడానికి లేదు.

కడ్డీ చివరిదాకా పోకుండా రెండు కొనలా లిమిట్ స్విచ్చులు పెట్టాలి. స్విచ్చి పనిచేయకపోయినా ఆగేందుకు రబ్బరు దిమ్మలు పెట్టాలి. కూర్చున్నవాడి చేతికి ఒకటి, పక్కన నిలుచున్నవాడి చేతికి ఒకటి ఎర్ర మీటలు ఉండాలి. ఏది నొక్కినా మోటార్లకు కరెంటు తెగిపోవాలి. కుర్చీ కిందికి పిల్లలు, కోళ్ళు, పిల్లులు దూరకుండా చుట్టూ తడిక కట్టాలి. 145 కిలోలతో నొక్కే కడ్డీకి మధ్యలో ఉన్నది రబ్బరు దిమ్మో చంటిపిల్ల చేయో తెలియదు.

బాపట్లలో 1981 నుంచి ఇంజనీరింగు కళాశాల ఉన్నది. వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల కూడా ఉన్నది. ఇటువంటి కుర్రవాళ్ళు తమ జాకీని పట్టుకువెళితే తోపు, వేగం కొలిచి చెప్పే ఏర్పాటు నెలకొక రోజు కళాశాలల్లో చేస్తే ఎంతో మేలు. అమ్మేవాడి కాగితంలో రాసిన అంకె ఒకటి, నడిచేటప్పుడు వచ్చేది ఒకటి కావడం కద్దు. రైతు పాల వెన్న శాతం కొలిపించుకున్నట్టే కుర్రవాడు జాకీ బలం కొలిపించుకోవాలి.

కొనబోయే ముందు దుకాణంలో అడగవలసినవి అయిదు ప్రశ్నలు. బరువుతో ఉన్నప్పుడు వేగం ఎంత? ఆపకుండా ఎంతసేపు నడుస్తుంది? కడ్డీలో వదులు ఎంత? కడ్డీ ఎక్కడ ఉన్నదో తెలిపే ఏర్పాటు లోపల ఉన్నదా? కరెంటు పోతే ఏమవుతుంది? మొదటి నాలుగింటికి జవాబు కొంచెం తక్కువైనా సర్దుకోవచ్చు. అయిదో దానికి దుకాణదారు నసిగితే ఆ జాకీని అక్కడే వదిలి, మినుముల డబ్బు జేబులో భద్రంగా పెట్టుకుని సాయంత్రం రేపల్లె బండి ఎక్కి ఇంటికి రావడమే మంచిది.